కంప్యూటర్ గది తాళం ఎవరి దగ్గర ఉండాలి?



మన హాస్టల్‌లో డైనింగ్ హాలుకి, స్టోర్ రూముకి మధ్య ఒక గది ఉంది. తలుపు మీద తెల్ల పెయింటుతో ‘కంప్యూటర్ గది’ అని రాసి ఉంటుంది. 2024లో మేము పి.జి.లో చేరి ఈ హాస్టల్‌కి వచ్చిన రోజున ఆ అక్షరాలు చూసి ఎంతో సంబరపడ్డాం. ట్రంకు పెట్టెలు దించుకోకముందే వెళ్లి చూశాం. తాళం వేసి ఉంది. తాళం మీద తుప్పు కూడా పట్టి ఉంది. లోపల ఏమున్నాయని అడిగితే సీనియర్ అన్నలు నవ్వారు. “ఆరు సిస్టమ్‌లు ఉన్నాయి తమ్ముడూ. ఆరూ చచ్చినవే. ఎవరో ఆఫీసు వాళ్లు కొత్తవి కొనుక్కొని పాతవి మనకిచ్చారు. కరోనా అప్పుడు మూసిన గది, మళ్లీ తెరవలేదు” అన్నారు.

అదే నెలలో స్కాలర్‌షిప్ రెన్యువల్ వచ్చింది. హాస్టల్ మొత్తం బస్టాండు దగ్గర నెట్ సెంటర్ ముందు నిలబడింది. అప్లికేషన్‌కి 50 రూపాయలు, చివరి రోజైతే 100. సర్టిఫికెట్ స్కాన్ చేస్తే ఇంకో 20. మా నలుగురి ఇళ్లలో మాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు ఒక్కరూ లేరు. ఇంటి నుంచి వచ్చే ప్రతి నోటు ఎవరి కూలి నుంచి వచ్చిందో మాకు తెలుసు. మన హాస్టల్‌లో ఆరు కంప్యూటర్లు ఉండగా మనం వంద మందిమి బయట ఎందుకు నిలబడాలి? ఆ ప్రశ్నలోంచే ఈ వ్యాసం పుట్టింది.

వార్డెన్ సార్ దగ్గరికి వెళ్లి తాళం అడిగాం. సార్ కోప్పడలేదు. రిజిస్టర్ తీసి చూపించారు. “ఇందులో ఆరు అని ఉంది. ఆడిట్ వచ్చినప్పుడు ఆరు చూపించాలి. మీరు విప్పి ఒక స్క్రూ పోగొట్టినా జవాబు చెప్పాల్సింది నేను” అన్నారు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నాలుగుసార్లు తిరిగాక, విప్పిన ప్రతి వస్తువూ నోట్‌బుక్కులో రాస్తామని సంతకం పెట్టించుకొని తాళం ఇచ్చారు. ఆదివారం మాత్రమే తెరవాలి, చీకటి పడేలోగా మూయాలి అన్నది షరతు.

మేము కంప్యూటర్ కోర్సు చదివినవాళ్లం కాదు. ఇద్దరం ఫిజిక్స్, ఒకరు కామర్స్, ఒకరు తెలుగు. కానీ మాలో ఒకడి నాన్న ఊళ్లో ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తాడు. ఇంజను స్టార్ట్ కాకపోతే ఆయన మొదటే దాన్ని విప్పడట. ముందు డీజిల్ ఉందా చూస్తాడు. తరువాత పైపులో గాలి పట్టిందా చూస్తాడు. ఆ తరువాతే నాజిల్, పంపు. “ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలియకుండా స్పానర్ పట్టుకోకూడదు” అంటాడట. ఆ మాట మాకు పుస్తకాలన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. ఎందుకంటే కంప్యూటర్ లేవడం కూడా మెట్లు మెట్లుగానే జరుగుతుంది.

స్విచ్ వేయగానే ఎస్.ఎం.పి.ఎస్. అనే పెట్టె కరెంటును మార్చి బోర్డుకు ఇస్తుంది. బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో బయాస్ అనే ప్రోగ్రాం ఉంటుంది. అది లేచి ర్యామ్ ఉందా, డిస్‌ప్లే ఉందా, కీబోర్డు ఉందా అని వరసగా పలకరిస్తుంది. దాన్ని పోస్ట్ అంటారు. తరువాత ఏ డిస్క్ నుంచి మొదలుపెట్టాలో తన జాబితాలో చూసుకుంటుంది. ఆ డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్లు చదువుతుంది. అందులో 446 బైట్లు చిన్న ప్రోగ్రాం, 64 బైట్లు డిస్క్ భాగాల పట్టిక, చివరి 2 బైట్లు గుర్తు. ఆ చిన్న ప్రోగ్రాం ఇంకొంచెం పెద్ద ప్రోగ్రాంని లేపుతుంది. అది ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపుతుంది. కొత్త కంప్యూటర్లలో బయాస్ స్థానంలో యు.ఇ.ఎఫ్.ఐ. వచ్చింది కానీ ఒకరు ఇంకొకర్ని లేపే పద్ధతి మాత్రం మారలేదు. మన హాస్టల్‌లో తెల్లవారుజామున వాచ్‌మన్ తాత లీడర్‌ని లేపితే, లీడర్ గది గదికీ వెళ్లి లేపినట్టు! ఎవరు లేవలేదో తెలిస్తే ఎక్కడ తట్టాలో తెలుస్తుంది.

ఇక ఆ ఆరు సిస్టమ్‌ల సంగతి చెబుతాం. నాలుగు కోర్ 2 డుయో, 2 జి.బి. ర్యామ్ ఉన్నవి. రెండు అంతకంటే పాత పెంటియం 4.

మొదటిదానికి లైటు కూడా వెలగలేదు. ఇది మొదటి మెట్టు రోగం. పక్క సిస్టమ్ ఎస్.ఎం.పి.ఎస్. తెచ్చి తగిలిస్తే వెంటనే ఫ్యాను తిరిగింది. అంటే బోర్డు బాగానే ఉంది. పోయింది పవర్ పెట్టె ఒక్కటే. సెకండ్ హ్యాండ్‌ది 350 రూపాయలకు తెచ్చాం.

రెండోదానికి ఫ్యాను తిరుగుతోంది, తెర నల్లగా ఉంది, ఆగి ఆగి బీప్ అంటోంది. ఆ బీప్‌ల లెక్క కంపెనీని బట్టి మారుతుంది. అయినా తెర రాకుండా బీప్‌లు వస్తుంటే మొదట చూడాల్సింది ర్యామ్. తీసి చూస్తే బంగారు రంగు పళ్లు నల్లబడి ఉన్నాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, టప్ అనేదాకా నొక్కి పెట్టాం. తెర వచ్చింది. ఖర్చు సున్నా.

మూడోది మాకు గురువు. తెర వస్తుంది. తేదీ తప్పు, ఎఫ్ 1 నొక్కండి అంటుంది. నొక్కితే విండోస్ 7 గుర్తు కనిపించి, ఒక్క క్షణం నీలం తెర మెరిసి, మళ్లీ మొదటికి వస్తుంది. అంతకు ముందు ఏడాది ఒక మెకానిక్‌ను పిలిస్తే ఆయన 300 తీసుకొని, హార్డ్ డిస్క్ పోయిందని చెప్పి వెళ్లాడట. మేము మెట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాం. తేదీ ఎందుకు తప్పింది? బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. దాని నంబరు సి.ఆర్. 2032, మూడు వోల్టులు. అది అయిపోతే బయాస్ తన సెట్టింగులన్నీ మరచిపోయి ఫ్యాక్టరీ లెక్కకు వెళ్లిపోతుంది. అలా వెళ్లినప్పుడు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి కూడా మారిపోయింది. ఐ.డి.ఇ. పద్ధతిలో ఎక్కించిన విండోస్‌కి ఎ.హెచ్.సి.ఐ. పద్ధతిలో డిస్క్ ఎదురయ్యేసరికి అది గుర్తుపట్టలేక పడిపోతోంది. నీలం తెర మీద చివర 7బి అన్న కోడ్ దాని సంగతే చెబుతోంది. బ్యాటరీ మార్చి, సెట్టింగ్‌ని ఐ.డి.ఇ.కి తిప్పాం. లేచి కూర్చుంది! గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చినట్టు, 30 రూపాయల బ్యాటరీకి మొత్తం కంప్యూటర్‌నే శ్మశానానికి పంపారు.

ఇక్కడే మేము అసలు చెప్పదలచుకున్న మాట ఉంది. సిస్టమ్ ప్లగ్గు గోడకు ఉండి కరెంటు వస్తున్నంతసేపు ఆ గడియారం కరెంటు మీదే నడుస్తుంది. ప్లగ్గు పీకి మూలన పెడితే బ్యాటరీ మీద నడుస్తుంది. అంటే వాడితే పాడైపోతుందని మనం తాళం వేసినకొద్దీ ఆ బ్యాటరీ తొందరగా అయిపోతుంది. కంప్యూటర్‌ని చంపినది వాడకం కాదు, తాళం!

నాలుగోది ‘డిస్క్ బూట్ ఫెయిల్యూర్’ అని రాసింది. మూత తీస్తే డిస్క్‌కి వెళ్లే కేబుల్ ఎలుక కొరికి ఉంది. పక్కనే స్టోర్ రూము కదా! 60 రూపాయల కేబుల్‌తో అయిపోయింది. ఇది కూడా మూసిన గది పుణ్యమే.

ఐదోది పెంటియం 4. అది లేవలేదు. బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తలలు ఉబ్బి, ఒకదాని నుంచి గోధుమరంగు జిగురు కారింది. 2000 తరువాత కొన్నేళ్లపాటు తయారైన బోర్డుల్లో ఈ నాసిరకం కెపాసిటర్లు ప్రపంచమంతటా ఇబ్బంది పెట్టాయి. కొత్తవి అతికించవచ్చు గానీ మా చేతికి ఆ పనితనం లేదు. దాని ర్యామ్, డి.వి.డి. డ్రైవు ఆరోదానికి ఇచ్చాం. నోట్‌బుక్కులో రాశాం.

ఆరోదాని దగ్గర మేము తప్పు చేశాం. అది చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే మాకు నిద్ర పట్టదు.

అది కూడా పెంటియం 4. ‘ఎన్.టి.ఎల్.డి.ఆర్. ఈజ్ మిస్సింగ్’ అని రాసింది. ఎక్స్.పి.ని లేపే ఫైలు కనబడలేదని దాని అర్థం. ఒక్కోసారి తప్పు డిస్క్ మీద వెతికినా అదే మాట రాస్తుంది. డిస్క్ బతికే ఉండవచ్చు. ఎక్స్.పి. సి.డి. నుంచి రికవరీ కన్సోల్‌లోకి వెళ్లి ఆ ఫైలును తిరిగి ఎక్కించవచ్చు. ఇవేవీ మేము చూడలేదు. అప్పటికి నాలుగు బాగుచేశామన్న గర్వం తలకెక్కింది. ఆ సాయంత్రం చీకటి పడుతోంది, తాళం ఇచ్చే టైము దగ్గరపడింది. పాత ఎక్స్.పి.తో మనకేం పని అని ఫార్మాట్ కొట్టి లినక్స్ ఎక్కించేశాం.

వారం తరువాత ఒక పాత విద్యార్థి అన్న హాస్టల్‌కి వచ్చాడు. ఆ సిస్టమ్ చూసి కళ్లు మెరిశాయి. “దీని మీదే రా మేము మొదటి సంచిక టైపు చేసింది. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో రాత్రుళ్లు కూర్చొని కొట్టాం. 2006 నుంచి 2011 దాకా వార్షికోత్సవం ఫోటోలన్నీ ఇందులోనే ఉన్నాయి” అన్నాడు. మా నలుగురికీ నోట మాట రాలేదు. చెప్పక తప్పలేదు. ఆయన తిట్టలేదు. కాసేపు కీబోర్డు మీద చెయ్యి పెట్టి కూర్చొని, “పోనీలే తమ్ముడూ” అని లేచాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తరువాత ఆ డిస్క్‌ను వాడటం ఆపి, విప్పి ఇంకో సిస్టమ్‌కి తగిలించి, ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో రెండు ఆదివారాలు వెతికాం. డిస్క్ మీద పైన కొత్తది రాయని చోట్ల పాతది కొంత మిగిలే ఉంటుంది. 41 ఫోటోలు దొరికాయి. సంచిక ఫైళ్లు దొరకలేదు. ఆ ప్రోగ్రాం ఫోటోలు తెస్తుంది కానీ పాత ఫైలు పేర్లు తేలేదు. అందుకని ఆ 41 ఫోటోల్లో ఉన్న అన్నలు ఎవరో మాకు తెలియదు. ఒక ఫోటోలో మన వేపచెట్టు ఇంకా తలుపంత ఎత్తులోనే ఉంది. దాని పక్కన ఐదుగురు కొత్త చొక్కాలు వేసుకొని నిలబడి ఉన్నారు.

కాబట్టి తమ్ముళ్లారా, మా తప్పు మీ పాఠం కావాలి. లేవని కంప్యూటర్ అంటే ఖాళీ కంప్యూటర్ కాదు. ముందు లైవ్ లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో లేపండి. అది డిస్క్‌ను ముట్టకుండానే ర్యామ్ మీద నడుస్తుంది. లోపల ఎవరి చదువు, ఎవరి కష్టం ఉందో చూడండి. కాపీ తీయండి. డిస్క్ లోపల టక్ టక్ అని కొడుతుంటే పదే పదే ఆన్ చేయకండి. ఫార్మాట్ అన్నది చిట్టచివరి మెట్టు.

ఇంకో మాట. సిస్టమ్ విప్పేటప్పుడు ప్లగ్గు పీకండి. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను, పాత డబ్బా మానిటర్‌ను మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు పీకినా వాటిలో ప్రాణం తీసే కరెంటు నిలిచి ఉంటుంది. మన అమ్మానాన్నలు మనల్ని పంపింది దానికి కాదు.

మొత్తం ఖర్చు ఎంతో తెలుసా? బ్యాటరీలు 150, పవర్ పెట్టె 350, కేబుల్ 60, డి.వి.డి.లు, బ్రష్షు 80. వెరసి 640 రూపాయలు. తలా 160 వేసుకున్నాం. ఆరింట్లో ఐదు లేచాయి. నాలుగు కోర్ 2 డుయోల మీద ఉన్నవి కాపీ తీసుకొని డెబియన్ 12 ఎక్కించాం. ఎందుకంటే విండోస్ ఎక్స్.పి.కి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న రక్షణ అప్‌డేట్లు ఆగిపోయాయి. అలాంటి వాటి మీద బ్యాంకు నంబర్లు, ఆధార్ నంబర్లు కొట్టడం తలుపుల్లేని ఇంట్లో డబ్బు పెట్టినట్టే. పెంటియం 4 మీద మొదట 64 బిట్ డి.వి.డి. పెడితే, ఈ ప్రాసెసర్ నాకు సరిపోదని మొహం మీదే రాసింది. తప్పు దానిది కాదు, మాది. 32 బిట్ యాంటిఎక్స్ పెడితే నడిచింది. నెట్ చూడటానికి అది పనికిరాదు. టైపింగ్ నేర్చుకోవడానికి బంగారం.

ఆ ఏడాది చివర్లో పక్క బాలికల హాస్టల్ మేడమ్ మమ్మల్ని పిలిచారు. వాళ్లవీ మూడు మూలన పడి ఉన్నాయి. మేము బాగుచేయలేదు. ఇద్దరు చెల్లెళ్లకు మెట్లు చెప్పాం. వాళ్లే విప్పారు, వాళ్లే రెండింటిని లేపారు. ఇప్పుడు మూడోదాని గురించి మమ్మల్ని వాళ్లు ప్రశ్నలు అడుగుతున్నారు, మాకు జవాబు తెలియడం లేదు! అలాగే ఉండాలి కూడా.

కొందరు మిత్రులు మాతో వాదించారు. చేతిలో ఫోను ఉంటే ఈ పాత డబ్బాలెందుకు అన్నారు. ఫోనులో అప్లికేషన్ నింపవచ్చు. కానీ ప్రాజెక్టు రిపోర్టు, ఎక్సెల్ పట్టిక, ఆన్‌లైన్ పరీక్షకు టైపింగ్ వేగం ఫోనులో వస్తాయా? పరీక్ష హాల్లో మౌస్ పట్టుకోవడం మనకి మొదటిసారి కాకూడదు. ఫోనును మనం విప్పలేం కూడా. ఈ పాత సిస్టమ్ తన కడుపు తెరిచి చూపిస్తుంది.

ఇంకొందరి వాదన బరువైనది. “పాత బట్టలు మనకే, పాత పుస్తకాలు మనకే, ఇప్పుడు పాత కంప్యూటర్లు కూడా మనకేనా? మీరిలా బాగుచేసి వాడుకుంటే కొత్తవి ఇవ్వనే ఇవ్వరు” అన్నారు. ఈ మాట మేము కొట్టిపారేయం. మాకూ గుచ్చుకుంటుంది. మేము స్పష్టంగా చెబుతున్నాం: పాతవి చాలు అని మేము అనడం లేదు. వంద మందికి ఐదు చాలవు. కొత్తవి మన హక్కు, అడుగుతూనే ఉందాం. కానీ నిలబెట్టుకోవడం తెలియని చేతికి కొత్తవి వచ్చినా, ఐదేళ్లకు అవీ ఈ తాళం వెనక్కే చేరతాయి. బాగుచేయడం వచ్చినవాడు అడిగితే ఆ అడగడంలో బలం ఉంటుంది. ఏం కావాలో, ఏది తప్పుగా ఇచ్చారో, పేరుపెట్టి చెప్పగలడు.

ఈ సంగతి ఇప్పుడే ఎందుకు చెప్పాలి? 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కి టి.పి.ఎం. 2.0 చిప్ కావాలి, కొన్ని తరాల తరువాతి ప్రాసెసర్ కావాలి. అందువల్ల బాగా నడుస్తున్న కంప్యూటర్లే ఆఫీసుల్లో పక్కకు వెళ్తున్నాయి. వాటిలో కొన్ని దానంగా మనలాంటి హాస్టళ్లకే వస్తాయి. అవి మన కోర్ 2 డుయోల కంటే ఎంతో మేలు, లినక్స్ మీద చాలా ఏళ్లు నడుస్తాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఐ.టి. పాఠాలు లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పనిచేసింది. కాబట్టి ఇది మనకు చేతకానిది కాదు. అదే సమయంలో 32 బిట్ సిస్టమ్‌ల కాలం తీరుతోంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలర్ లేదు. ఏది ఉంచుకోవాలో, ఏది వద్దనాలో తెలిసి ఉండాలి. దానం పేరుతో చెత్త వస్తే వద్దని చెప్పగలగాలి.

అందుకే ఈ సంచిక ద్వారా మా అభిప్రాయం పెద్దల ముందు ఉంచుతున్నాం. ఒకటి, కంప్యూటర్ గది తాళం ఇద్దరు విద్యార్థుల బాధ్యతలో ఉండాలి. నోట్‌బుక్కులో సంతకాలతో. మూడేళ్లుగా కాదు, మా ఏడాదిన్నరలో ఒక్క స్క్రూ పోలేదు, నోట్‌బుక్కు సాక్షి. రెండు, ప్రతి సిస్టమ్ వారానికి ఒకసారైనా ఆన్ కావాలి. మూడు, ఏటా ఒక చిన్న మొత్తం బ్యాటరీలకు, కేబుళ్లకు, ఒక పవర్ పెట్టెకు కేటాయించాలి. నాలుగు, దానంగా వచ్చిన సిస్టమ్‌ను ఆన్ చేసి చూశాకే రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఐదు, పూర్తిగా చచ్చినవాటిని పాత సామాన్ల బండికి వేయకుండా, 2022 ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లింగ్ వారికి అప్పగించాలి. కాలిస్తే ఆ పొగ పీల్చేది మళ్లీ మన వాడల పిల్లలే.

ఈ జూన్‌కి మా చదువు అయిపోతుంది. తాళం తీసుకోవడానికి జూనియర్లలో ముగ్గురు ఇప్పటికే పేర్లు ఇచ్చారు. మొదటి ఆదివారం వాళ్ల చేత ర్యామ్ తీయించి పెట్టించాం. చేతులు వణికాయి. మావీ అలాగే వణికాయి.

చివరగా పాత విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. వార్షికోత్సవం నాడు కంప్యూటర్ గది తెరిచే ఉంటుంది. దొరికిన 41 ఫోటోలూ మూడో సిస్టమ్‌లో పెట్టాం. దయచేసి ఒక అరగంట కూర్చొని, అందులో ఉన్నవాళ్ల పేర్లు మాకు చెప్పండి. 2006 నుంచి 2011 మధ్య సంచిక ప్రతి ఒక్కటైనా ఎవరి పెట్టెలోనైనా ఉంటే తీసుకురండి. స్కాన్ చేసి, ఈసారి రెండు చోట్ల కాపీ పెట్టి, మీది మీకు తిరిగి ఇస్తాం.

మీ జ్ఞాపకాలను పోగొట్టింది మేమే. తిరిగి పోగుచేసే పని కూడా మాదే.